టెక్ సందేహాలు: ఆఫీసు ఇంటర్‌కమ్‌లో స్పీడ్ డయల్ పెట్టినా కాల్ ఎందుకు కలవట్లేదు?

ప్రశ్న: మాది రాణిగంజ్‌లో మోటార్లు, పంపుసెట్ల హోల్‌సేల్ ఆఫీసు. 3 బయటి లైన్లు, 16 ఎక్స్‌టెన్షన్లు ఉన్న పాత ఇంటర్‌కమ్ బాక్స్ ఉంది, బయటికి చేయాలంటే 0 కొట్టాలి. రోజూ మాట్లాడే పార్టీల నంబర్లు స్పీడ్ డయల్‌లో పెట్టించాం, చిన్న కోడ్ కొడితే మొత్తం నంబర్ అదే డయల్ అయ్యేలా. ల్యాండ్‌లైన్లకి ఒక్కోసారి కలుస్తుంది, ఒక్కోసారి రాంగ్ నంబర్ పోతుంది. మొబైల్ నంబర్లకైతే అసలు వెళ్లట్లేదు, ఏదో రికార్డింగ్ వస్తోంది. చేత్తో కొడితే మాత్రం అన్నీ కలుస్తున్నాయి. టెక్నీషియన్ బాక్స్ మార్చేయమంటున్నాడు. మార్చాలా?

జవాబు: మార్చొద్దండీ, అనవసరంగా డబ్బులు పెట్టకండి. చేత్తో కొడితే కలుస్తోందంటే బాక్స్ బానే ఉంది, లైన్లూ బానే ఉన్నాయి, తేడా అంతా నంబర్‌ని ఎలా ఫీడ్ చేశారు అన్నదాంట్లోనే ఉంది. చాలామంది స్పీడ్ డయల్ అంటే పార్టీ నంబర్ ఎక్కించడమే అనుకుంటారు, కానీ అందులో ఎక్కించాల్సింది మీ వేలు ఆ ఫోన్ మీద కొట్టేదంతా, వరసగా, మధ్యలో మీరు ఆగే ఆ క్షణంతో సహా.

ముందు ల్యాండ్‌లైన్ సంగతి చూద్దాం. మీరు చేత్తో చేసేటప్పుడు 0 కొట్టి బయటి లైన్ టోన్ వినపడ్డాకే మిగతా నంబర్ కొడతారు, అది అలవాటైపోయి మీకు తెలియదు కూడా. స్పీడ్ డయల్‌కి ఆ ఓపిక ఉండదు, 0తో లైన్ పట్టుకున్న మరుక్షణమే అంకెలన్నీ గడగడా వదిలేస్తుంది. అప్పటికి టోన్ వచ్చి ఉంటే కాల్ కలుస్తుంది, ఇంకా రాకపోతే మొదటి అంకె గాల్లో కలిసిపోతుంది. మన హైదరాబాద్ నంబర్‌లో 8 అంకెలు కదా, అందులో ఒకటి పోతే ఎక్స్‌చేంజ్ ఇంకో అంకె కోసం ఎదురుచూసి కాల్ కట్ చేస్తుంది, లేదా మిగిలినవాటిని ఇంకేదో నంబర్‌గా తీసుకుంటుంది. మీకు "ఒక్కోసారి" అనిపిస్తున్నది అందుకే. దీనికి మందు పాజ్, అంటే అంకెల మధ్య కాసేపు ఆగడం. 0 తర్వాత ఒక పాజ్ పెట్టి ఆ తర్వాత 8 అంకెలు ఎక్కించండి. సిస్టమ్ ఫోన్ (బాక్స్ కంపెనీదే, డిస్‌ప్లే ఉన్న ఫోన్) మీద పాజ్ అని బటనే ఉంటుంది, లేదంటే మాన్యువల్లో పాజ్‌కి ఏ కీ అన్నది రాసి ఉంటుంది. ఒక పాజ్ చాలకపోతే రెండు పెట్టండి, ఏమీ కాదు.

ఇక మొబైల్. ఇది పూర్తిగా వేరే కథ, మీ రికార్డింగ్ కూడా బహుశా ఇదే చెప్తూ ఉంటుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే 10 అంకెల ముందు 0 కొట్టాలని టెలికాం శాఖ రూల్ పెట్టింది. దానివల్ల దాదాపు 254 కోట్ల కొత్త నంబర్లకి చోటు దొరుకుతుందని అప్పట్లో చెప్పారు. చేత్తో కొట్టేటప్పుడు మీ స్టాఫ్ ఆ సున్నా అలవాటుగా కొట్టేస్తున్నారు, మెమరీలో మాత్రం అది లేదు. కాబట్టి మీ ఆఫీసులో మొబైల్ నంబర్ ఇలా ఉండాలి: బయటి లైన్ కోసం 0, తర్వాత పాజ్, తర్వాత మొబైల్ కోసం ఇంకో 0, ఆ తర్వాత 10 అంకెలు. ఇక్కడే చాలా ఆఫీసుల్లో గొడవ అవుతుంది, ఎవరో లిస్టు చెక్ చేస్తూ రెండు సున్నాలు చూసి తప్పు పడిందనుకుని ఒకటి తీసేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. లిస్టు మీద పెద్దగా రాసి పెట్టండి, రెండు సున్నాలూ ఉండాలని. ఇంకోటి, సెల్‌ఫోన్ కాంటాక్ట్స్ నుంచి చూసి ఎక్కిస్తే ప్లస్ 91 కూడా దిగిపోతుంది, అది పూర్తిగా తీసేయాలి, మామూలు ల్యాండ్‌లైన్‌కి ఆ ప్లస్ అర్థం కాదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. మీరు నంబర్లు ఎక్కడ ఎక్కించారు, ఫోన్‌లోనా బాక్స్‌లోనా? టేబుల్ మీద ఫోన్‌కి ఉండే మెమరీ బటన్లలో అయితే ఆ ఫోన్ వరకే పనికొస్తాయి, కొన్ని మోడల్స్‌లో లోపల సెల్స్ అయిపోతే అవి కూడా పోతాయి. బాక్స్‌లో సిస్టమ్ స్పీడ్ డయల్ అని వేరే ఉంటుంది, చిన్న సిస్టమ్స్‌లో కూడా 100 నంబర్ల దాకా పడతాయి, ఒక్కసారి ఎక్కిస్తే అన్ని ఎక్స్‌టెన్షన్లకీ వస్తుంది, పార్టీ నంబర్ మారితే ఒక్కచోట మారిస్తే చాలు. నా మట్టుకు నేను ఏ ఆఫీసుకైనా ఇదే చెప్తాను. దీన్ని ప్రోగ్రామ్ చేయడానికి మామూలు ఫోన్ సరిపోదు, ఆ కంపెనీదే డిస్‌ప్లే ఉన్న సిస్టమ్ ఫోన్ కావాలి, రిసెప్షన్‌లో ఉండేది చాలావరకు అదే. లేకపోతే కోఠి గుజరాతీ గల్లీలో మీ బాక్స్ మోడల్ చెప్పి అడిగి చూడండి, సెకండ్ హ్యాండ్‌ది దొరికినా చాలు. ప్రోగ్రామింగ్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినప్పుడు 1234 లాంటిదే ఉంటుంది, అది ముందు మార్చేయండి, ఎందుకంటే అది తెలిసినవాడు మీ బాక్స్ మీద నుంచి ఐఎస్‌డీ కాల్స్ చేసి బిల్లు మీ నెత్తిన పెట్టగలడు.

స్పీడ్ డయల్ కోడ్‌లు వచ్చినవి వచ్చినట్టు కాకుండా వరసగా ఇచ్చుకోండి, 10 నుంచి కంపెనీ డిపోలు, 30 నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు, 50 నుంచి బ్యాంకులు, అలా మధ్యలో ఖాళీలు వదుల్తూ. గోడౌన్ కుర్రాడికి 30ల్లో కొడితే లారీ ఆఫీసులే అని నాలుగు రోజుల్లో నోటికి వచ్చేస్తుంది. 00 అనే కోడ్‌లో 108 పెట్టండి, దీని ముందు బయటి లైన్ 0, పాజ్ చాలు, రెండో సున్నా వద్దు. 108 అంబులెన్స్ 2005లో మన హైదరాబాద్ నుంచే మొదలైంది కాబట్టి నంబర్ అందరికీ తెలుసు, కానీ ఇంటర్‌కమ్ ఫోన్ నుంచి ముందు 0 కొట్టాలన్నది కంగారులో గుర్తు రాదు, అందుకే చెప్తున్నా. ఆ 00 కోడ్‌లో నంబర్ సరిగ్గా పడిందా లేదా అని కాల్ చేసి చూడకండి, డిస్‌ప్లేలో చదువుకుంటే చాలు.

ఇంకో మంచి ఉపయోగం ఉంది. కొన్ని ఎక్స్‌టెన్షన్లకి మీరు ఎస్‌టీడీ, మొబైల్ లాక్ పెట్టి ఉంటారు. చాలా సిస్టమ్స్‌లో ఆ లాక్ ఉన్న ఫోన్ నుంచి కూడా సిస్టమ్ స్పీడ్ డయల్‌లో ఉన్న నంబర్లకి మాత్రం కాల్ వెళ్లేలా సెట్టింగ్ ఉంటుంది. గోడౌన్ ఫోన్‌కి ఇది ఆన్ చేస్తే పని ఆగదు, దుర్వినియోగమూ ఉండదు. అన్నీ అయ్యాక లిస్టు ప్రింట్ తీసి ప్రతి టేబుల్ దగ్గరా అంటించండి, ఒక కాపీ ఫైల్లో పెట్టండి, పాత బాక్సుల్లో లోపలి బ్యాటరీ చచ్చిపోయి కరెంటు పోతే ప్రోగ్రామంతా ఎగిరిపోయే అవకాశం ఉంది.

ప్రశ్న: కొండాపూర్‌లో మా చిన్న ఆఫీసుకి యీలింక్ కంపెనీ ఐపీ ఫోన్లు (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచేవి) పెట్టారు. పక్కన బటన్లు ఖాళీగా ఉన్నాయి, వాటికి స్పీడ్ డయల్ ఎలా పెట్టాలి?

జవాబు: ఇది సులువు. ఫోన్ మీద ఓకే బటన్ నొక్కితే ఐపీ అడ్రస్ కనపడుతుంది, అదే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో అది కొట్టి లాగిన్ అవ్వండి, డీఎస్ఎస్‌కీ అనే ట్యాబ్‌లో లైన్ కీ ఓపెన్ చేసి టైప్ దగ్గర స్పీడ్ డయల్ ఎంచుకోండి, వాల్యూలో నంబర్, లేబుల్‌లో పేరు, ఏ లైన్ నుంచి వెళ్లాలో అది, కింద కన్ఫర్మ్, అంతే. బయటి నంబర్లకే స్పీడ్ డయల్ పెట్టండి, ఆఫీసులోవాళ్లకైతే అదే టైప్ దగ్గర బీఎల్ఎఫ్ (బిజీ ల్యాంప్ ఫీల్డ్) పెట్టుకోండి, అవతలివాళ్లు ఫోన్‌లో ఉన్నారా ఖాళీగా ఉన్నారా లైటు చూస్తేనే తెలిసిపోతుంది. సెట్టింగ్స్ మీ సర్వీస్ వాళ్ల సర్వర్ నుంచి వస్తుంటే మాత్రం మీరు పెట్టినవి ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు చెరిగిపోవచ్చు, అప్పుడు లిస్టు వాళ్లకే పంపి పెట్టించుకోండి.

ప్రశ్న: మా రిసెప్షన్ ఫోన్ పాడైతే కొత్త మామూలు ఫోన్ కొన్నాం. ఫ్లాష్ నొక్కి కాల్ ట్రాన్స్‌ఫర్ చేస్తుంటే కట్ అయిపోతోంది.

జవాబు: ఫ్లాష్ అంటే లైన్‌ని రెప్పపాటు కట్ చేసి కలపడమే. ఎంతసేపు కట్ చేయాలన్నది ఫోన్‌లో మిల్లీసెకన్లలో ఉంటుంది, మీ బాక్స్ అనుకున్నదానికంటే ఎక్కువైతే ఫోన్ పెట్టేశారనుకుంటుంది, తక్కువైతే పట్టించుకోదు. మీది కట్ అవుతోంది కాబట్టి ఫోన్ అడుగున స్విచ్ కానీ మెనూలో ఫ్లాష్ టైమ్ కానీ చూసి ఇప్పుడున్నదానికంటే తగ్గించండి, 600 ఉంటే 300, అదీ కాకపోతే 100. ఎంత తగ్గించినా కట్ అవుతుంటే ఆ ఫోన్ తీసి పక్క టేబుల్ సాకెట్‌కి పెట్టి చూడండి, అక్కడా అంతే అయితే లోపం ఫోన్‌ది, అక్కడ బాగుంటే మీ రిసెప్షన్ ఎక్స్‌టెన్షన్ వైరింగ్ చూపించుకోండి.