నీ కథలో జడ్జిగారికి ఎందుకంత తొందర?

తమ్ముడూ,

నీ కథ చదివాను. పాప తల్లి బోనెక్కి సాక్ష్యం చెప్పే భాగంలో ఒక్క మాట కూడా మార్చకు. చిక్కంతా చివరి పేజీలోనే. జడ్జిగారు సుత్తి కొట్టి, ఒకే ఊపిరిలో నేరం రుజువైందనీ, ఉరిశిక్ష వేస్తున్నాననీ చెప్పేశారు. సుత్తి సినిమాల్లోది, తీసెయ్. ఆ ఒకే ఊపిరి మాత్రం పెద్ద తప్పు. సెషన్స్ కోర్టులో దోషి అని తేల్చాక, ఏ శిక్ష వేయాలన్నదాని మీద విడిగా వాదనలు వినాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 235(2), ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 258(2). నువ్వు మింగేసింది ఆ ఘట్టాన్నే.

ఇంకోటి. నీ కథలో నేరం 2017లో జరిగింది, పాప బతికే ఉంది. పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టిన పోక్సో చట్టంలో, అప్పటి సెక్షన్ 6 కింద కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. ఉరి, కనీసం 20 ఏళ్లు అన్నవి ఆ సెక్షన్‌లోకి వచ్చింది 2019 సవరణతో. తీర్పు ఎప్పుడొచ్చినా, నేరం జరిగిన నాటికి ఉన్న శిక్షను మించి వేయకూడదని రాజ్యాంగంలోని 20వ అధికరణమే చెబుతుంది. అంటే మీ జడ్జిగారు వేసిన శిక్ష ఆ సెక్షన్‌లో లేనే లేదు!

పదేళ్లకూ యావజ్జీవానికీ మధ్య ఎక్కడ ఆగాలి? అదే నీ కథ. పాపకు తొమ్మిదేళ్లు, వాడు ట్యూషన్ మాస్టారు, నమ్మి పంపారు అంటాడు ప్రాసిక్యూటర్. కుర్రాడు, పాత కేసుల్లేవు, ముసలి తల్లి ఉంది అంటాడు డిఫెన్స్ లాయరు. ఆ తల్లిని కోర్టు వరండాలో కూర్చోబెట్టు. జాలి కలిగించాలని కాదు, ఆమె కూడా అక్కడే ఉంటుంది కాబట్టి. జడ్జి ఎంత జాలిపడ్డా పదేళ్ల కిందికి దిగలేరు. 2025లో ఒక బెంగాల్ కేసులో దోషిని జైలుకు పంపకుండా వదలడానికి సుప్రీంకోర్టే 142వ అధికరణం కింద తనకున్న ప్రత్యేక అధికారం వాడాల్సి వచ్చింది.

ఉరి గురించే రాయాలనుంటే హన్మకొండ కేసు తీర్పులు చదువు. 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసిదానిపై అఘాయిత్యం, హత్య. ఆగస్టులోనే కింది కోర్టు ఉరి వేసింది. ఊరంతా సంబరపడింది, నాకూ ఆ కోపం అర్థమైంది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని చచ్చేవరకు జైలుగా మార్చింది. ఉరిని హైకోర్టు ఖరారు చేయనిదే అమలు చేయలేరు. 1980లో సుప్రీంకోర్టు ఇచ్చిన బచన్ సింగ్ తీర్పు నుంచీ, ఉరి వేసే ముందు నేరంతో పాటు నేరస్థుణ్ణీ చూడాలన్నది నియమం. 2022లో మనోజ్ కేసులో, దోషి మానసిక స్థితి, కుటుంబ నేపథ్యం, జైల్లో నడవడిక మీద రిపోర్టులు తెప్పించుకోవాలంది సుప్రీంకోర్టు. రాసేవాడికి అంతకంటే ఏం కావాలి?

చివరగా, ఇది నిజంగా జరిగిందేనన్నావు. మరి ఊరి పేరు, బడి పేరు అలాగే ఉంచావేం? పాపను గుర్తుపట్టే వివరమేదీ మీడియాలో రాకూడదని పోక్సో చట్టం సెక్షన్ 23 చెబుతుంది. కథ కదా అని వదిలేయకు. ఆ రెండు పేర్లూ మార్చాకే ఎవరికైనా చూపించు, నాకైనా సరే.

ఆశీస్సులతో,
అన్నయ్య