శానిబెల్ ఇంటికి చవక ఎలక్ట్రీషియన్: ఆ 7,300 డాలర్లు నిజంగా మిగులుతాయా?

ప్రశ్న: నమస్తే సార్. మేం అట్లాంటాలో ఉంటాం, ఇద్దరం ఉద్యోగులం. ఫ్లోరిడాలోని శానిబెల్ దీవిలో 2023లో ఒక పాత ఇల్లు కొన్నాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నెలల లెక్కన అద్దెకిస్తాం, మిగతా రోజుల్లో అప్పుడప్పుడు మేమే వెళ్తాం. ఇయన్ తుపానులో ఉప్పునీళ్లు తగిలిన కరెంటు ప్యానెల్ బాగా తుప్పు పట్టింది. మార్చకపోతే పాలసీ రెన్యూ చేసేది లేదని ఇన్సూరెన్సు కంపెనీ చెప్పేసింది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ 18,500 డాలర్లు అడిగారు. ఇంకొకతను 11,200కి చేస్తానంటున్నాడు. కాకపోతే సగం ముందే క్యాష్ ఇవ్వాలి, పర్మిట్ ఇంటి ఓనర్‌గా మేమే తీసుకోవాలి అంటున్నాడు. పనిలో పనిగా 75,000 పెట్టి వంటిల్లు కూడా మార్పిద్దామా అని ఆలోచన. ఎమర్జెన్సీ ఫండ్ 24,000, అద్దె ఖాతాలో 9,000 ఉన్నాయి. హెలాక్ (ఇంటి తాకట్టు మీద అవసరమైనప్పుడు వాడుకునే రుణం) తీసి ఉంచాం, ఇంకా వాడలేదు. 401కే (ఆఫీసు రిటైర్‌మెంట్ ఖాతా) నుంచి లోన్ తీసుకుందామని మావారు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, 18,500 కొటేషన్ వైపే వెళ్లండి. వంటిల్లు ఇప్పుడే మొదలుపెట్టకండి. 401కే జోలికి అసలు వెళ్లొద్దు. ఎందుకో చెప్తాను.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది 11,200 అన్న అంకె కాదు, పర్మిట్ మీరే తీసుకోండి అన్న మాట. ఫ్లోరిడా చట్టం ఇంటి యజమానికి ఒక మినహాయింపు ఇచ్చింది, నిజమే. సొంతంగా ఉండే ఇంటికి కరెంటు పని తానే చేసుకుంటానని, లేదా దగ్గరుండి చేయించుకుంటానని పర్మిట్ తీసుకోవచ్చు. కానీ అది అమ్మడానికో అద్దెకివ్వడానికో కాని ఇంటికి మాత్రమే. పని పూర్తయ్యాక ఏడాదిలోపు అద్దెకిస్తే, అద్దె కోసమే చేయించారని చట్టం ముందే అనుకుంటుంది. మీరు జనవరిలోనే అద్దెకిస్తారు. అంటే మీరు సంతకం పెట్టే కాగితం మొదటి రోజు నుంచే తప్పు.

పైగా ఆ మినహాయింపు కింద లైసెన్సు లేనివాళ్లను కాంట్రాక్టర్‌గా పెట్టుకోవడం కుదరదు. అతను పని చేయాలంటే మీ ఉద్యోగిగా చేయాలి. జీతం మీద పన్ను కోతలు, వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయపడినవాళ్లకు బీమా) అన్నీ మీ నెత్తిన పడతాయి. నిచ్చెన మీంచి అతని కుర్రాడెవరైనా జారిపడితే ఆ ఖర్చు మీ మీదికి రావచ్చు, మీ హోమ్ ఇన్సూరెన్సు దాన్ని భరించకపోవచ్చు. పర్మిట్ దరఖాస్తుతో పాటు మీరు సంతకం పెట్టాల్సిన హెచ్చరిక పత్రంలోనే ఈ సంగతి రాసి ఉంటుంది. పెద్ద తేడా వచ్చిన రెండు కొటేషన్లలో నేను మొదట చూసేది ఇదే: ఏ రిస్కు ఎవరి మీద ఉంది? ఆ 7,300 తగ్గింపులో చాలా భాగం అతను మోయాల్సిన రిస్కే. దాన్ని మీ మీదికి జరిపి తగ్గింపు అంటున్నాడు.

ఇక లైసెన్సు ఉందన్న కాంట్రాక్టర్‌ను కూడా మాట మీద నమ్మకండి. ఫ్లోరిడా వ్యాపార, వృత్తి నియంత్రణ శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొడితే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నంబరు ‘ఈసీ’తో మొదలైతే రాష్ట్రమంతా చెల్లుతుంది. ‘ఈఆర్’ అయితే నమోదైన స్థానిక పరిధిలోనే చెల్లుతుంది, కాబట్టి అది శానిబెల్‌కు వర్తిస్తుందా అని సిటీ బిల్డింగ్ విభాగాన్ని అడగండి. కొందరు లోకల్ బిజినెస్ ట్యాక్స్ రసీదు చూపించి అదే లైసెన్సు అంటారు. అది వ్యాపారం చేస్తున్నందుకు కట్టిన పన్ను రసీదు మాత్రమే, కరెంటు పని వచ్చనడానికి రుజువు కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, లైసెన్సు మనిషి పేరున ఉంటుంది, ఆ మనిషి ఒక కంపెనీకి అర్హత ఇస్తాడు. మీ కాంట్రాక్టు మీద ఉన్న కంపెనీ పేరు, లైసెన్సులో కనిపించే కంపెనీ పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. వేరొకరి లైసెన్సు మీద పని పట్టేవాళ్లు తుపాను తర్వాత దీవుల్లో బాగా కనిపిస్తారు. లైసెన్సు లేకుండా కాంట్రాక్టు పని చేయడం ఫ్లోరిడాలో నేరం. ఎమర్జెన్సీ ప్రకటించిన సమయంలో అయితే అది ఫెలనీ, అంటే తీవ్రమైన నేరమే.

18,500 ఎక్కువేమో అని మీకు అనిపించడం సహజం. దీవికి సామాను, మనుషులు కాజ్‌వే (సముద్రం మీది రోడ్డు వంతెన) దాటి రావాలి. ఉప్పుగాలికి తట్టుకునే బాక్సులు, ఫిట్టింగులు వేయాలి. ఉప్పునీళ్లలో తడిసిన బ్రేకర్లు ఆరబెట్టి మళ్లీ వాడేవి కావు, మార్చాల్సిందే. అక్కడి కరెంటు సరఫరా సంస్థ ఎల్‌సీఈసీతో మాట్లాడి లైన్ తీయించడం, ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక మళ్లీ ఇప్పించడం కూడా ఆ పనిలో భాగమే. అయినా లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరే ఇంకో కొటేషన్ తీసుకోండి. బేరం ఆడాలంటే అక్కడ ఆడండి.

డబ్బు ఎలా ఇస్తారన్నది ఎవరికి ఇస్తారన్నదంత ముఖ్యం. సంతకం రోజున 10 శాతం, అంటే 1,850 చాలు. పర్మిట్ వచ్చి, సామాను సైటుకు చేరాక 40 శాతం. పని ముగిశాక 40 శాతం. చివరి 10 శాతం ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే. ఫ్లోరిడాలో 5,000 డాలర్లు దాటిన పనికి నోటీస్ ఆఫ్ కమెన్స్‌మెంట్ (పని మొదలవుతోందని తెలిపేది) అనే పత్రం మీద మీరు సంతకం పెట్టి లీ కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు చేయించాలి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కాంట్రాక్టర్‌కు మీరు పూర్తిగా ఇచ్చేసినా, అతను ప్యానెల్ సరఫరా చేసిన షాపుకు ఎగ్గొడితే ఆ షాపువాళ్లు మీ ఇంటి మీద లీన్, అంటే బాకీ కింద హక్కు, వేయవచ్చు. అలాంటి సరఫరాదారు 45 రోజుల్లోపు మీకు నోటీసు పంపాలి, చివరి సరఫరా జరిగిన 90 రోజుల్లోపు లీన్ రికార్డు చేయాలి. కాబట్టి పోస్టులో నోటీసు వస్తే భయపడకండి, అలాగని పారేయకండి. ఫైల్లో పెట్టి, చెక్కు ఇచ్చే ప్రతిసారీ ఆ పేర్లవాళ్ల నుంచి లీన్ రిలీజ్ (ఆ హక్కు వదులుకున్నామన్న కాగితం) అడగండి. చివరి చెక్కుకు ముందు అందరికీ చెల్లించేశానని కాంట్రాక్టర్ నుంచి అఫిడవిట్ తీసుకోండి.

వంటిల్లు ఎందుకు ఆపమన్నానంటే, వరద ముప్పున్న ప్రాంతాల్లో 50 శాతం నిబంధన ఉంటుంది. మరమ్మతులు, మార్పుల ఖర్చు ఇంటి కట్టడం విలువలో సగానికి చేరితే ఇల్లంతా ఇప్పటి వరద నిబంధనలకు తగ్గట్టు మార్చమంటారు. పాత ఇంటికి అంటే చాలాసార్లు ఇల్లు ఎత్తడమే. లెక్కలో భూమి విలువ రాదు, దీవుల్లో అసలు విలువంతా భూమిదే. కట్టడం విలువ 1,80,000 అనుకుంటే హద్దు 90,000. మీ రెండు పనులూ కలిపితే 93,500. కట్టడం విలువకు కౌంటీ వేసిన లెక్క తక్కువగా ఉందనిపిస్తే ప్రైవేటు అప్రైజల్ చూపించే వీలుంది. ముందు ప్యానెల్ పని చేయించండి, కొత్త ప్యానెల్ వరద మట్టానికి పైన పెట్టించండి. వంటింటి డిజైనర్‌కు అడ్వాన్సు ఇచ్చేముందు సిటీ బిల్డింగ్ విభాగంతో మాట్లాడి, ఈ రెండు పనులనూ ఎలా లెక్కిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోండి. హద్దు దాటనట్టు కనిపించాలని పనిని దాచిపెట్టి ముక్కలు చేయడం మాత్రం వద్దు.

డబ్బు సర్దుబాటు కష్టమేం కాదు. అద్దె ఖాతాలోంచి 7,000 తీయండి, 2,000 అక్కడే ఉంచండి. మిగతా 11,500 హెలాక్ నుంచి తీసుకుని జనవరి–ఏప్రిల్ అద్దెలతో తీర్చేయండి. 401కే లోన్ తీసుకున్నాక మీవారి ఉద్యోగం మారితే, బాకీ మొత్తం సాధారణంగా తర్వాతి ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోగా సర్దాలి. లేకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేస్తారు, వయసు తక్కువైతే సాధారణంగా పెనాల్టీ కూడా పడుతుంది.

24,000 ఎమర్జెన్సీ ఫండ్ ముట్టుకోవద్దు. ఫ్లోరిడాలో హరికేన్ డిడక్టిబుల్ ఎక్కువగా శాతం లెక్కన ఉంటుంది. ఇల్లు 4 లక్షలకు ఇన్సూర్ అయి, డిడక్టిబుల్ 2 శాతం అయితే తుపాను వచ్చినప్పుడు ముందు 8,000 మీ జేబులోంచే పోతాయి. వరద నష్టం ఆ పాలసీలో రాదు, దానికి వేరే ఫ్లడ్ పాలసీ ఉండాలి. ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

ట్యాక్స్ విషయంలో ఒక్క మాట. మొత్తం ప్యానెల్ మార్చడం సాధారణంగా మరమ్మతు కింద కాక అభివృద్ధి కింద వస్తుంది, కాబట్టి 18,500 ఒకే ఏడాది తీసేసుకోలేరు. నివాస అద్దె ఇంటికి 27.5 ఏళ్ల తరుగుదల, ఏడాదికి సుమారు 673 డాలర్లు. మీరు సొంతంగా వాడుకున్న రోజులను బట్టి అదీ తగ్గుతుంది. ఇన్‌వాయిస్, పర్మిట్, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ కాగితం మూడూ మీ సీపీఏకు (ట్యాక్స్ అకౌంటెంట్‌కు) ఇవ్వండి. అవే కాపీలు ఇన్సూరెన్సు కంపెనీకీ పంపి, రెన్యూవల్ ఖాయమని ఈమెయిల్‌లో తెప్పించుకోండి.