చిప్ డిజైన్ నేర్చుకోవడానికి అప్పు చేయాలా?

ప్ర: మాది జడ్చర్ల దగ్గర ఊరు. ఈసీఈ మూడో ఏడాది చదువుతున్నా. చిప్ డిజైన్ నేర్చుకోవాలని ఉంది. హైదరాబాద్‌లో కోచింగ్‌కు లక్ష దాకా అడుగుతున్నారు. పత్తి అమ్మిన పైసలకు ఇంకొంత అప్పు కలిపి కడతానంటున్నాడు మా నాయిన. నా దగ్గర 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఉంది. ఇంట్లోనే నేర్చుకోవచ్చా సార్?

జ: నేర్చుకోవచ్చు. అప్పు మాత్రం ఇప్పుడే చేయించకండి.

తీగ ఎంత సన్నగా ఉండొచ్చు, రెండు తీగల మధ్య ఎంత జాగా వదలాలి లాంటి చిప్ ఫ్యాక్టరీ నియమాల కట్టను పీడీకే అంటారు. ఒకప్పుడు గోప్యతా ఒప్పందం మీద సంతకం పెడితే తప్ప దాన్ని చూడనిచ్చేవారు కాదు. 2020లో గూగుల్, అమెరికా చిప్ తయారీ కంపెనీ స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల పీడీకేను అందరికీ ఉచితంగా ఇచ్చేశాయి. పాత టెక్నాలజీయే, నేర్చుకోవడానికి ఏ లోటూ లేదు.

విండోస్‌లోనే లినక్స్ నడపనిచ్చే డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఉబుంటు (ఒక రకం లినక్స్) పెట్టుకోండి. సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాష వెరిలాగ్. మొదట్లో ఆ కోడ్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే (సిమ్యులేషన్) ఐకారస్ వెరిలాగ్, సిగ్నళ్లను గీతలుగా (వేవ్‌ఫామ్) చూపే జీటీకేవేవ్, కోడ్‌ను గేట్లుగా మార్చే యోసిస్ చాలు. వీటికి 8 జీబీ ధారాళంగా సరిపోతుంది. ఎల్‌ఈడీ వెలిగించే కౌంటర్‌తో మొదలుపెట్టండి. 10 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో (సెకనుకు కోటి టిక్కులు) అర సెకనుకోసారి మారాలంటే 50 లక్షల దాకా లెక్కపెట్టాలి. సిమ్యులేషన్‌లో అంత దూరం నడిపితే వేవ్‌ఫామ్ ఫైలు ఉబ్బిపోయి ల్యాప్‌టాప్ మొండికేస్తుంది. ఆ అంకెను పారామీటర్‌గా రాసి, పరీక్షకు 5 పెట్టుకోండి.

తర్వాత కావాలనే ఒక తప్పు చేయండి. కాంబినేషనల్ (మెమరీ ఉండకూడని) ఆల్వేస్ బ్లాకులో ఇఫ్ రాసి ఎల్స్ వదిలేయండి. సిమ్యులేటర్ కిక్కురుమనదు. యోసిస్ లాగ్‌లో మాత్రం 'ల్యాచ్ ఇన్‌ఫర్డ్' అని కనిపిస్తుంది. అంటే మీరు అడగని మెమరీ ఒకటి వచ్చి కూర్చుంది. ఎందుకొచ్చిందో మీ మాటల్లో చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి.

ఆపైన లిబ్రేలేన్. పాత వీడియోల్లో చెప్పే ఓపెన్‌లేన్‌కు ఇది కొత్త రూపం. గేట్లను సర్ది, వైర్లు పరిచి, చిప్ బొమ్మ ఉండే జీడీఎస్ ఫైలు ఇస్తుంది. ఫ్యాక్టరీకి వెళ్లేది అదే. ఆ ఫైలును తెరిచే కేలేఅవుట్‌లో రంగురంగుల బొమ్మ చూసి మురిసిపోవడం మామూలే. టైమింగ్ రిపోర్టు కూడా తెరవండి. సెటప్ స్లాక్ (గడువుకు ముందు మిగిలే సమయం) మైనస్‌లో ఉంటే సిగ్నల్ గడువులోగా చేరలేదన్నమాట. క్లాక్ నెమ్మది చేస్తే ఆ మైనస్ పోతుంది, కానీ అది తప్పించుకోవడమే. కోడ్ మార్చి సరిచేయండి.

కంపెనీల్లో ఎక్కువగా నడిచేవి కేడెన్స్, సినాప్సిస్ టూల్స్. వాటి మీద చెయ్యి తిరగడానికి కోచింగ్ పనికొస్తుంది, కాదనను. స్లాక్ అంటే తెలియకుండా చేరితే మాత్రం బటన్లు నొక్కడమే వస్తుంది. ఇదంతా చేశాక కూడా ఇష్టం తగ్గకపోతే అప్పుడు ఫీజు సంగతి ఇంట్లో మాట్లాడండి.

ప్ర: నల్లగొండలో పాలిటెక్నిక్ లెక్చరర్‌ని. మా పిల్లల డిజైన్లను నిజంగా చిప్‌గా చేయించవచ్చా? చాలామందికి వెరిలాగ్ రాదు.

జ: టైనీ టేప్‌అవుట్ చూడండి. ఎంతోమంది డిజైన్లను ఒకే చిప్ మీద పక్కపక్కన పెట్టి ఖర్చు పంచుతుంది. ఒక్కో గడి సుమారు 160×100 మైక్రాన్లు. వెరిలాగ్ రాకపోతే బ్రౌజర్‌లోనే వోక్వీ అనే సైట్‌లో గేట్లు కలుపుకోవచ్చు. చిప్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఫైనలియర్ ప్రాజెక్టుగా పెడితే పిల్లలు కాలేజీ వదిలాక వస్తుంది, రెండో ఏడాదిలోనే మొదలుపెట్టించండి. పాత పాఠాలు, ఇలాగే చిప్‌లు చేయించిన ఈఫ్యాబ్‌లెస్ సైట్‌కు వెళ్లమంటాయి. ఆ కంపెనీ 2025లో మూతపడింది. ధర, గడువు టైనీ టేప్‌అవుట్ సైట్‌లోనే చూసి, రవాణా, కస్టమ్స్ ఖర్చు కూడా కలుపుకొని ప్రిన్సిపాల్‌కు లెక్క ఇవ్వండి.