మీ ప్రశ్నలు – జవాబులు: పాత గెజెట్లలో రోడ్లు, ఓడలు, మగ్గాలు

ప్రశ్న: మా తాతగారు కరణం చేశారు. ఆయన ట్రంకు పెట్టెలో పాత కృష్ణా జిల్లా గెజెట్ కాగితాలు దొరికాయి. ఒకదాంట్లో గుంటూరు వైపు రోడ్డు మీద టోల్‌గేటు వేలం, ఇంకోదాంట్లో రోడ్డు పక్క చింతచెట్ల కాయ వేలం గురించి ఉంది. అంటే అప్పటికే మన వైపు మంచి రోడ్లు ఉండేవన్న మాటేనా? అసలు గుంటూరు సంగతులు కృష్ణా జిల్లా గెజెట్లో ఎందుకున్నాయి? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండో దానితో మొదలుపెడదామండీ, దాంతో మీ కాగితాల కాలం కూడా తేలుతుంది. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కృష్ణా జిల్లా చేశారు, మళ్లీ 1904లో గుంటూరును విడదీశారు. కాబట్టి గుంటూరు తాలూకాల వేలాలు కృష్ణా జిల్లా పేరు మీద కనిపిస్తే అవి ఆ మధ్య కాలానివి. ఇంగ్లీషు సంవత్సరం చిరిగిపోయి ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఒక్కటే మిగిలితే దానికి 590 కలపండి. ఫసలీ 1300 అంటే 1890 జులై నుంచి 1891 జూన్ దాకా.

ఇక రోడ్ల విషయం. వేలం నోటీసు ఉందని రోడ్డు బాగుండేదనుకోవద్దు. ఆ దారిన బళ్లు తిరుగుతున్నాయి, వాటి మీద డబ్బు వస్తుంది అని సర్కారు లెక్కేసుకుంది, నోటీసు చెప్పేది అంతవరకే. 1871లో మద్రాసు లోకల్ ఫండ్స్ చట్టం వచ్చాక రోడ్ల ఖర్చును జనం దగ్గరే రాబట్టడం మొదలైంది, భూమి మీద రూపాయికి అణా దాకా సెస్సు ఒకటి, బళ్ల మీద టోలు ఇంకొకటి. ఆ టోలును వేలం పాడిన కాంట్రాక్టరు వసూలు చేసుకునేవాడు, పాడిన సొమ్ము రాబట్టుకుని పైన తనకూ కొంత మిగలాలి కాబట్టి గేటు దగ్గర బండివాడికి ఎంత ఇబ్బందయ్యేదో ఊహించుకోవచ్చు. చింతకాయ వేలం కూడా ఇలాంటిదే, నీడ కోసం వేసిన చెట్ల కాపును కూడా ఆదాయం కిందే రాసుకున్నారు.

పల్నాడు నుంచి ఒంగోలు దాకా ఎక్కువ భాగం నల్లరేగడి నేల, వానాకాలంలో ఆ నేల మీద కంకర లేని దారిలో నిండు బండి ఇరుసు దాకా దిగబడుతుంది. సరుకు కదలని దేశంలో కరువు వస్తే ఏమవుతుందో గుంటూరుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1832–33 డొక్కల కరువులో ఈ ప్రాంతంలో ఉన్న అయిదు లక్షల మందిలో లక్షన్నరకు పైగా చనిపోయారని చెబుతారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855లో పూర్తయింది. సరుకు బండి మీద కంటే కాలవలో పడవ మీద చాలా చౌకగా పోతుందని కాటన్ దొర వాదన. మన డెల్టాలో అది నిజమైంది కూడా. కొమ్మమూరు కాలవ మీదుగా బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని బెజవాడ నుంచి మద్రాసు దాకా పడవలు నడిచాయి. అందుకే మీ కాగితాల్లో లాకులు, పడవల లైసెన్సులు, బల్లకట్టు రేవుల పాటల గురించి కూడా ఉంటాయి, వెతకండి. వాటి కోసం 1890లో కాలవలు, రేవుల చట్టం ప్రత్యేకంగా చేశారు.

ఇంకొక్క మాట. బెజవాడ–గుంటూరు రోడ్డు అని నోటీసులో ఒకే గీతలా రాసినా మధ్యలో కృష్ణ ఉంది. రైలు వంతెన 1893లో వచ్చింది. రోడ్డు మాత్రం 1957లో ప్రకాశం బ్యారేజీ అయ్యేదాకా రేవు దగ్గర ఆగిపోవాల్సిందే, అక్కడి నుంచి పడవే గతి. ఇది నోటీసులో ఉండదు. అందుకే ఏ నోటీసైనా చేతికి రాగానే ఇది ఎవరి కోసం రాశారు, భారం ఎవరి మీద పడింది అని అడగాలి. కింది రెండు ప్రశ్నలకూ నేను ఈ కోణంలోనే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: పాత గెజెట్లలో ఓడల వాళ్లకు ఇచ్చిన నోటీసులు చూశాను. లైట్‌హౌసు దీపం రంగు, ఎన్ని మైళ్ల దూరం కనపడుతుంది, ఎక్కడ ఎంత లోతు, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు టీవీలో చెప్పే తుఫాను హెచ్చరిక నంబర్లు కూడా అప్పటివేనా? పదో నంబరు అంటే గాలి పదింతలా? – ఒక పాఠకుడు, వన్‌టౌన్, విజయవాడ

జవాబు: అప్పటివే. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద తుఫాను విరుచుకుపడి సముద్రం కొన్ని చోట్ల 17 మైళ్ల లోపలికి వచ్చింది, ముప్ఫై వేల మంది దాకా పోయారు. దానికి నెల రోజుల ముందే కలకత్తాను ఇంకో తుఫాను ముంచింది. ఈ రెండు దెబ్బల తర్వాత గానీ సర్కారులో కదలిక రాలేదు. 1865లో కలకత్తా ఓడరేవుకు హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో వాతావరణ శాఖ ఏర్పడింది, 1886 నాటికి హెచ్చరికలు అన్ని ఓడరేవులకూ అందాయి, 1898 నుంచి దేశమంతా ఒకే రకం గుర్తులు పెట్టారు.

నంబర్లు పెరిగే కొద్దీ గాలి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, అది కొంతవరకే నిజం. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న వాతావరణం గురించి. మూడు, నాలుగు ఈ ఓడరేవుకే ముప్పు పొంచి ఉందని. అయిదు, ఆరు, ఏడు మూడూ ప్రమాద హెచ్చరికలే, వాటిలో తీవ్రత తేడా లేదు, తుఫాను వెళ్లే దారికి ఓడరేవు ఎడమ పక్కన పడుతుందా, కుడి పక్కన పడుతుందా, లేక తుఫాను నెత్తి మీదుగానే పోతుందా అన్నదే తేడా. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అంతే, కాకపోతే అవి తీవ్ర తుఫానుకు. కాబట్టి ఎనిమిదో నంబరు పదో నంబరు కంటే చిన్న గాలి కాదు. నిజాంపట్నంలో ఎనిమిదే కదా అని టెన్షన్ తగ్గించుకునే వాళ్లను నేను చూశాను, దయచేసి అలా అనుకోవద్దు. చిన్న ఓడరేవుల్లో కొన్నిచోట్ల మూడు, నాలుగు, ఏడు, పది, పదకొండు మాత్రమే ఎగరేసే పద్ధతి కూడా ఉంది.

పదకొండో నంబరు సంగతి చాలామందికి తెలియదు. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ జాగ్రత్త మీరే చూసుకోండి అని దాని అర్థం. తంతి తీగలే ఆధారమైన రోజుల్లో ఈ గుర్తు ఎంత అవసరమో ఆలోచించండి. పగలైతే ఓడరేవు కొయ్య మీద శంకువు ఆకారంలో, పీపా ఆకారంలో ఉండే గుర్తులు వేలాడదీసేవారు, రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు.

అయితే ఇదంతా ఓడ కెప్టెన్ కోసం తయారైన ఏర్పాటు. కుడి ఎడమల లెక్క కావాల్సింది లంగరు తీసి నడిసముద్రంలోకి పోవాలా వద్దా అని తేల్చుకోవాల్సిన వాడికి. దివిసీమ లంకల్లో పాకలో పడుకున్న కూలీకి కావాల్సింది వేరే, ఉప్పెన ఎంత ఎత్తున వస్తుంది, ఎటు పరిగెత్తాలి అన్నది. ఆ కొయ్య మీద దానికి గుర్తు లేదు. 1977 నవంబరు 19న దివిసీమలో సర్కారు లెక్కల ప్రకారమే పది వేల మంది చనిపోయారు, అప్పటికి ఓడరేవుల గుర్తులు వచ్చి డెబ్బై తొమ్మిదేళ్లు. ఆ నోటీసులు రాసిన వాళ్ల శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదు, వాటి వల్ల ఎన్నో ఓడలు బతికాయి. కానీ తీరంలో కాపురముండే మనిషి ఆ కాగితం మీదకు ఎక్కడానికి చాలా కాలం పట్టింది, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ప్రశ్న: మాది చేనేత కుటుంబం. చీరాల–పేరాల ఉద్యమం ఒక మున్సిపాలిటీ నోటీసు వల్ల వచ్చిందంటారు. నోటీసు ఒక్కదానికే ఊరు ఊరంతా లేచిపోతుందా? – ఒక పాఠకుడు, చీరాల

జవాబు: లేచిపోయిందండీ. అప్పుడు చీరాల గుంటూరు జిల్లాలోనే ఉంది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేయాలని నిర్ణయించింది. కాగితం మీద అది రోడ్లు, దీపాలు, పారిశుధ్యం కోసం, చదివితే తప్పు పట్టడానికి ఏమీ కనపడదు. మగ్గం మీద బతికే ఇంటికి మాత్రం అది పన్ను. అంతకుముందు యూనియన్‌గా (మున్సిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థగా) ఉన్నప్పుడు కట్టిన దానికి ఎన్నో రెట్లు కట్టాల్సి వచ్చింది. నేతగాడి కూలి మాత్రం అలాగే ఉంది. మిల్లు బట్ట వచ్చాక మన తీరమంతా నేతకు గడ్డుకాలమే కదా, ఆ పరిస్థితిలో ఈ పన్ను వచ్చి పడింది.

1921 ఏప్రిల్‌లో, బెజవాడ కాంగ్రెస్ సమావేశాలకు వచ్చిన గాంధీగారు చీరాల కూడా వెళ్లారు. మున్సిపాలిటీ హద్దు దాటి పోతే పన్ను వర్తించదన్న ఆలోచన అప్పుడే గట్టిపడింది. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు, ఆయన వాలంటీర్ల దళమైన రామదండు ముందుండి నడిపించగా వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు, దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండ, వాన, చలి అన్నీ ఆ పాకల్లోనే, దాదాపు పదకొండు నెలలు. ప్రసంగాలు చేయొద్దన్న నిషేధం ధిక్కరించినందుకు దుగ్గిరాలను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైల్లో పెట్టారు. చివరికి జనం తిరిగి రాక తప్పలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు రామనగర్ గురించి ఏమైనా చెప్పి ఉంటే రాసి పెట్టండి, పాకలో మగ్గం గుంట తవ్వారా, నూలు ఎక్కడి నుంచి వచ్చింది లాంటివి. గెజెట్లో ఆ పక్క సంగతి ఒక్క ముక్క కూడా ఉండదు.

ప్రశ్న: ఇలాంటి నోటీసులు ఎక్కడ చూడొచ్చు? దొరికిన వాటిని ఎలా దాచాలి? – ఒక విద్యార్థిని, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు పెద్ద దిక్కు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, పాత మద్రాసు రికార్డు ఆఫీసు అదే. 1832లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజెట్ కోసం అక్కడ అడగండి. మన దగ్గర విజయవాడ రామ్మోహన్ గ్రంథాలయం, గుంటూరు అన్నమయ్య గ్రంథాలయం లాంటి చోట్ల లైబ్రేరియన్‌ను అడిగి పాత పత్రికలు తిరగేయండి, సర్కారు నోటీసు మీద జనం ఏమన్నారో అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

దాచే విషయంలో, లామినేషన్ మాత్రం చేయించొద్దు, చిరిగిన చోట సెలోటేప్ అంటించొద్దు, రెండూ కాగితాన్ని చంపేస్తాయి. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి తడి తగలని చోట పెట్టండి. ముందు మాత్రం ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, పేజీ పైన ఉండే తేదీ, నంబరు కూడా పడేలా, ఎందుకంటే అవి లేని నోటీసును రేపు ఎవరూ దేనితోనూ పోల్చి చూడలేరు.