కేబుల్ స్వెటర్ చంకల్లో పట్టేస్తోంది, చేతులు పొడవయ్యాయి: మొత్తం విప్పాలా?

వద్దండి. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? మీరు రాసినదాని ప్రకారం 4.5 మి.మీ. సూదులతో, పూర్తి ఊలుతో, ముందూ వెనకా కేబుళ్లు (కుట్లను ఒకదాని మీదుగా ఒకటి దాటించి జడలా తిప్పే అల్లిక), చేతులు సాదాగా అల్లారు. ఉతికి ఆరబెట్టాక ఛాతీ సరిపోయింది. కానీ చంక పట్టేస్తోంది, భుజం మీద చెయ్యి ఉబ్బుగా లేచింది, చేతులు 3 సెం.మీ. పొడవయ్యాయి, మెడ పట్టీ ముందు గొంతుకు తగులుతోంది. పైగా మధ్య కేబుల్‌లో ఒక మెలిక ఎదురు తిరిగింది. ఈ అయిదింటిలో నాలుగు ఒకే కుటుంబం. నాలుగూ వరుసలకు సంబంధించినవే.

మీ ప్రశ్నలోనే జవాబుంది. ప్యాటర్న్‌లో 10 సెం.మీ.కు 20 కుట్లు, 28 వరుసలు అని ఉందన్నారు. కేబుళ్ల మీద మీకు 30 వరుసలు వచ్చాయి, సాదా చేతుల మీద 26. ఒకే ఊలు, అవే సూదులు, అల్లిందీ మీరే, అయినా లెక్కలు రెండు. కేబుల్ మెలిక పడ్డ చోటల్లా బట్ట దగ్గరకు ముడుచుకుంటుంది. సాదా అల్లికలో ఆ పట్టు ఉండదు కాబట్టి చెయ్యి వదులవుతుంది. ఇప్పుడు చంక లోతు 56 వరుసలన్నారంటే, 28 లెక్కన 20 సెం.మీ. రావాలి. మీకు వచ్చింది 18.7. చెయ్యి మణికట్టు పట్టీ పై నుంచి చంక దాకా 112 వరుసలు, అంటే 40 సెం.మీ. మీకు వచ్చింది 43. భుజంలో ఇమిడే గంట ఆకారపు పైభాగం 40 వరుసలు, అది 14.3కు బదులు 15.4 అయింది. చిన్నదైపోయిన చంకలో పెద్దదైపోయిన గంటను కూర్చి కుట్టారు. కింద పట్టక, పైన ఉబ్బక ఏమవుతుంది?

ఇక్కడ నా ఫిర్యాదు ఒకటి చెప్పి తీరాలి. స్వెటర్ ఫిట్టింగ్ గురించి ఎవరిని అడిగినా కుట్లే లెక్కపెట్టమంటారు. కుట్లు తప్పితే వెడల్పు తప్పుతుంది, అది అద్దంలో వెంటనే కనిపిస్తుంది కనుక అందరూ దాన్నే చూస్తారు. వరుసలు తప్పితే చంక, చెయ్యి, మెడ, భుజం అన్నీ తప్పుతాయి, వేసుకున్నవాళ్లకు ఎక్కడో ఇబ్బందిగా ఉంటుంది తప్ప ఎక్కడో తెలియదు. "సూది ఒక సైజు పెంచండి" అనేది అన్ని జబ్బులకూ ఒకే మాత్ర. సూది మార్చితే కుట్లూ మారతాయి, వరుసలూ మారతాయి. మీకు సరిపోయిన ఛాతీ కూడా పాడవుతుంది. ప్యాటర్న్ రాసేవాళ్ల తప్పూ ఉంది: కేబుల్ స్వెటర్‌కు సాదా అల్లిక మీద ఒక్క కొలతే ఇచ్చి, తర్వాత అంతా "ఇన్ని వరుసలు అల్లండి" అని రాసేస్తారు. "ఇన్ని సెంటీమీటర్లు వచ్చేదాకా" అని రాస్తే సగం గొడవ ఉండదు.

సరే, పనిలోకి వద్దాం. మెడ పట్టీ విప్పండి. చేతులను చంక నుంచి విడదీయండి, భుజాల కుట్టు ఊడదీయండి. కుట్టిన దారం అదే రంగుదైతే మంచి వెలుతురులో కూర్చోండి, కత్తెర మొన కింద ఉన్నది కుట్టు దారమో అల్లిన ఊలో చూడకుండా కత్తిరించకండి. విప్పిన ఊలు వంకీలు తిరిగి ఉంటుంది. దాన్ని అలాగే అల్లితే కుట్లు గతుకులుగా వస్తాయి, కొలత కూడా తేడా చేస్తుంది. కుర్చీ వీపుకు చుట్టి చిలపగా తీసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేలాడదీసి ఆరనివ్వండి.

విడదీసిన ముక్కలు ముందు పెట్టుకున్నాక మొదట చేయాల్సింది ఎదురు తిరిగిన మెలిక. ముందు మెడ మధ్య కుట్లను మూసేయకుండా దారం మీద ఆపానని రాశారు, అది మీ అదృష్టం. పట్టీ విప్పగానే ఆ కుట్లు సజీవంగా దొరుకుతాయి. తప్పు మెలిక మెడకు 18 వరుసల కింద ఉంది, 8 వరుసలకో మెలిక కాబట్టి దాని పైన, మెడ నుంచి లెక్కిస్తే, 10వ వరుస దగ్గర ఒకటి, 2వ వరుస దగ్గర ఒకటి ఉంటాయి. ఆ మూడూ మళ్లీ వేయాలి.

ముక్కను తువ్వాలు మీద పరచి, కేబుల్‌కు అటూ ఇటూ గుండుసూదులు గుచ్చండి. పక్కనున్న పర్ల్ (ఉల్టా) కుట్లను విడిగా ఒక సూది మీదకు తీసుకుని, కేబుల్ 6 కుట్లను మాత్రం సూది నుంచి వదిలేయండి. వేలితో మెల్లగా కిందికి లాగితే ఒక్కొక్క వరుసా జారి నిచ్చెన మెట్లలా అడ్డంగా దారాలు మిగులుతాయి. మెలిక దగ్గర అవి చిక్కుపడినట్టు కనిపిస్తాయి, కంగారు పడి గట్టిగా లాగకండి. మూడు కుట్లు ముందుకూ మూడు వెనక్కూ దాటి ఉంటాయి, అంతే. తప్పు మెలిక కూడా విడిపోయాక 18 మెట్లుండాలి. లెక్కపెట్టండి, ఒకటి తక్కువైతే ఎక్కడో రెండు దారాలు అంటుకున్నట్టు.

కింద మిగిలిన 6 కుట్లను రెండు వైపులా మొన ఉన్న సన్నటి సూది మీదకు ఎక్కించండి, 3.75 అయితే చాలు. ఇప్పుడు అన్నిటికంటే కింది మెట్టుతో మొదలు. మొదటి 3 కుట్లు ఇంకో సూది మీదకు తీసి, మిగతా మెలికల్లాగే ముందుకో వెనక్కో పెట్టండి: ముందు ఉంచితే మెలిక ఎడమకు వాలుతుంది, వెనక ఉంచితే కుడికి. తర్వాతి 3 అల్లి, ఆపినవి అల్లండి. వరుస అయ్యాక ముక్కను తిప్పకండి. కుట్లను సూదికి కుడి కొసకు జరిపి, పై మెట్టు దారంతో మళ్లీ ఎదుటి వైపు నుంచే అల్లండి. ఏడు సాదా, ఒక మెలిక, ఏడు సాదా, ఒక మెలిక, చివరన ఒక సాదా. ప్రతి మెట్టు దారమూ సరిగ్గా ఆ 6 కుట్లకే సరిపడా ఉంటుంది, మొదటి కుట్టుకు ఎక్కువ లాగితే ఆరోది బిగుసుకుపోతుంది. అందుకే మొదటి రెండు కుట్లు కొంచెం పొట్టిగా తీసి, చివర మిగిలిన వదులును సూది మొనతో వెనక్కి పంచాలి. అయ్యాక అంచు కుట్లు వంకరగా ఉంటాయి. ఉతికాక ఊలు సర్దుకుంటుంది. అక్రిలిక్ అయితే ఈ సర్దుబాటు అంతగా ఉండదు, ప్రతి కుట్టూ అప్పుడే సమం చేసుకోవాలి.

చంక లోతు కిందికి తవ్వడం దర్జీ పని, బట్ట కత్తిరించి చేసేది. అల్లికలో పైన పెంచాలి. ముందూ వెనకా భుజాల దగ్గర మూసిన కుట్లు విప్పి (భుజం వాలు మెట్లుగా మూసి ఉంటే ఆ మెట్లన్నీ), 4 వరుసలు అదనంగా అల్లి, తర్వాత వాలును ఈసారి కుట్లు మూయకుండా సగం వరుసలతో (కొస దాకా వెళ్లకుండా మధ్యలోనే తిప్పి) వేయండి. 60 వరుసలయ్యాయి, 30 లెక్కన 20 సెం.మీ. ఈ 4 వరుసల వల్ల ముందు మెడ కూడా 1.3 సెం.మీ. దిగుతుంది, గొంతుకు తగలడం కొంత తగ్గుతుంది. కేబుల్ స్వెటర్ బరువు మొత్తం భుజాల మీదే వేలాడుతుంది కాబట్టి ఒక్కో భుజం దగ్గర ముందు కుట్లనూ వెనక కుట్లనూ మూడు సూదులతో కలిపి మూసేసి, లోపలి వైపు ఆ గీత మీద క్రోషే సూదితో ఒక గొలుసు కుట్టు నడిపించండి. లేకపోతే నెలల్లో భుజాలు సాగి, చేతులు మళ్లీ కిందికి జారతాయి.

చేతిని కింద కత్తిరించి పొట్టి చేయమని చాలామంది చెబుతారు. మీ విషయంలో అది దండగ, గంట ఎలాగూ విప్పాలి. పక్క కుట్టు విడదీసి గంట 40 వరుసలూ, దాని కింద ఇంకో 24 వరుసలూ పై నుంచి విప్పండి. 88వ వరుస దగ్గర ఆగుతారు, అక్కడ 72 కుట్లుండాలి (50తో మొదలై 8 వరుసలకోసారి రెండు చొప్పున 11 సార్లు పెరిగాయి). చంకకు 104 వరుసలకే చేరాలి, 78 కుట్లు కావాలి. కాబట్టి 92, 96, 100వ వరుసల్లో రెండేసి పెంచి, నాలుగు వరుసలు ఊరికే అల్లండి. సరిగ్గా 40 సెం.మీ. వస్తుంది. విప్పే ముందు 88వ వరుసలో సన్నటి నూలు దారం కుట్ల గుండా దూర్చి ఉంచితే, జారిపోయినా అక్కడే ఆగుతుంది.

గంట ఇప్పుడు 36 వరుసలే. ఎక్కడ తగ్గించాలో తెలియక చాలామంది పైన కొనను నరికేస్తారు, భుజం మీద చదునుగా మూలలు తేలతాయి. మొదట మూసే కుట్లు బాడీ చంకలో మూసిన సంఖ్యతో సమానంగా ఉండాలి, వాటిని ముట్టుకోకండి. పైన చివర మూసే కుట్లూ అంతే. మధ్యలో నాలుగేసి వరుసలకోసారి తగ్గించే నిదానపు భాగం ఉంటుంది, అందులో రెండు తగ్గింపులను రెండేసి వరుసలకు మార్చండి, 4 వరుసలు కలిసొస్తాయి. తర్వాత టేపును నిలువుగా నిలబెట్టి గంట అంచు మొత్తం కొలవండి, చంక చుట్టు కొలవండి. గంట 1 సెం.మీ. ఎక్కువైతే పరవాలేదు, 2 దాటితే ఉబ్బు తిరిగొస్తుంది.

కుట్టేటప్పుడు గంట నడిమి భాగం భుజం గీతకు, అడుగు చంకకు పిన్నులు పెట్టి, ముందు వేరే రంగు నూలు దారంతో వదులుగా టాకాలు వేయండి. వేసుకుని చేతులు పైకెత్తండి, ముందుకు చాచండి. పట్టేస్తే టాకాలు తీయడం రెండు నిమిషాల పని.

చివరగా మెడ పట్టీ. ముందు మధ్య ఆపిన కుట్లు, వెనక మెడ కుట్లు అన్నీ తీసుకోండి. నిలువు అంచుల్లో మాత్రం నాలుగు వరుసలకు మూడే కుట్లు ఎత్తుకోవాలి, నాలుగూ ఎత్తితే పట్టీ అలలుగా లేస్తుంది. 3.75 సూదితో రిబ్బు (సాగే నిలువు చారల అల్లిక) ఒక చుట్టు అయ్యాక, వెనక వైపు మాత్రమే సగం వరుసలు వేయండి. భుజం గీతకు రెండు కుట్లు దాటి తిప్పండి, ప్రతిసారీ నాలుగు కుట్లు ముందే ఆగి తిప్పండి, అలా మూడు జతలు. వెనక 6 వరుసలు, ఇంచుమించు 2 సెం.మీ. ఎత్తు వస్తుంది, అప్పుడు ముందు భాగం గొంతు నుంచి దిగి కూర్చుంటుంది. మెడలు చాలావరకు గొంతుకు తగిలేది ముందు ఎక్కువై కాదు, వెనక తక్కువై. పట్టీ మూసేటప్పుడు 5 మి.మీ. సూది వాడండి, లేకపోతే తల దూరదు.

అన్నీ అయ్యాక గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, కొలతలకు సరిగ్గా పరచి ఆరనివ్వండి. కేబుళ్లను అడ్డంగా సాగదీసి గుండుసూదులు గుచ్చకండి, ఎంత అడ్డం సాగితే చంక లోతు అంత తగ్గుతుంది.