నొప్పి లేని పుండుతో మొదలుపెట్టు

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

పాదాల జబ్బుల మీద నువ్వు రాసిన చిత్తుప్రతి అందింది, తీరిగ్గా చదివాను. వాక్యం తేటగా ఉంది. ఆసుపత్రిలో నర్సుగా నువ్వు కళ్లారా చూసినవాటికీ, పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాటికీ మధ్య అతుకు కనిపించలేదు. మొదటి రచనకు అది చిన్న సంగతి కాదు. అయితే మడమల పగుళ్లతో ఎత్తుకుని, ఆనెలు, పులిపిర్లు, గోళ్లు, వేళ్ల సందుల పుండ్లు అంటూ ఒక్కొక్కదానికి రెండేసి పేజీలు ఇచ్చుకుంటూ పోయి, షుగర్ వల్ల వచ్చే పుండునూ కుష్ఠు పుండునూ చిట్టచివరి అధ్యాయంలోకి నెట్టావు. నా అభ్యంతరం ప్రధానంగా ఆ వరుస మీదనే.

ఇటువంటి పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా ఎవరూ చదవరు. తన కాలికి ఉన్నది ఏ పేజీలో ఉందో వెతుక్కుని, అక్కడ రాసినది చేసి, పుస్తకం మూసి పెడతారు. పగుళ్ల పేజీలో నువ్వు వేడినీళ్లలో పావుగంట నానబెట్టి రుద్దమన్నావు. మామూలు పాదానికి, నీళ్లు గోరువెచ్చగా ఉన్నంతవరకు, అది మంచి సలహానే. కానీ ఏళ్ల తరబడి షుగర్ ఉండి అరికాళ్లలో స్పర్శ పోయిన మనిషికి ఆ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో సలసల కాగుతున్నాయో తెలియదు, తోలు ఊడేదాకా కాలు తీయడు. ఆనెల పేజీలో సాలిసిలిక్ ఆమ్లం ఉన్న పట్టీ అంటించమన్నావు. స్పర్శ లేని వేలి మీద అదే పట్టీ ఆనెతోపాటు కిందనున్న మంచి చర్మాన్ని కూడా తినేసి పుండు చేస్తుంది. అంటే నీ మొదటి పేజీల్లోని సరైన సలహాలే నీ చివరి అధ్యాయంలోని రోగికి హాని చేస్తున్నాయి. అందుకని పుస్తకం తెరిచిన ఎవరైనా మొట్టమొదట ఒక ప్రశ్న దాటి రావాలి: ఈ పాదానికి స్పర్శ ఉన్నదా, లేదా?

ఆసుపత్రిలో పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో దీన్ని పరీక్షిస్తారని నీకు తెలుసు. ఇంట్లో ఏ పరికరమూ అక్కర్లేదు. మనిషిని పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను చూపుడువేలితో ఒకటి రెండు సెకన్లు మెత్తగా తాకి, ఏ కాలికి తాకిందో చెప్పమంటే చాలు. గట్టిగా నొక్కకూడదనీ, గీరకూడదనీ, తెలియలేదని అదే చోట మళ్లీ తాకి చూడకూడదనీ కూడా రాయి. లేకపోతే ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ నొక్కి నొక్కి తెలిసిందనిపిస్తారు. ఆరు చోట్లలో రెండు చోట్ల తెలియకపోయినా ఆ మనిషి నీ పుస్తకంలోని ఇంటి చికిత్సలేవీ చేసుకోకూడదు, ముందు డాక్టరుకు పాదం చూపించుకోవాలి. ఈ మాట మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండాలి.

ఆ తర్వాత నొప్పి లేని పుండు గురించి ఇప్పుడున్న ఒకటిన్నర పేజీని కనీసం పది పేజీలకు పెంచు. వేళ్ల మొదట్లో అరికాలి మీద కాయ కాయడం, నడిచినప్పుడల్లా ఒత్తిడి పడి ఆ కాయ కింద రక్తం గూడుకట్టడం, ఒకనాడు కాయ పగిలి లోపల అప్పటికే తయారై ఉన్న గుంట బయటపడడం, ఇదంతా బాధ లేకుండానే జరిగిపోతుందని మెల్లగా, బొమ్మ గీసినట్టు చెప్పు. చదివేవాడు అడిగేది పుండు మీద ఏ మందు రాయాలని. నువ్వు చెప్పవలసింది పుండు మీద బరువు పడకుండా ఏం చేయాలని. డాక్టరు చచ్చిన చర్మాన్నీ కాయనూ కత్తిరించి శుభ్రం చేస్తారు, కాలికి రక్తం సరిగ్గా అందుతున్నదో లేదో చూస్తారు, చీము ఉంటే యాంటీబయాటిక్ ఇస్తారు, షుగర్‌ను అదుపులోకి తెస్తారు. అయినా రోగి అదే కాలితో పొలానికి నడుస్తూ ఉంటే రోజూ కట్టు మార్చినా ఆ పుండు మానదు. పాదాన్నీ పిక్కనూ అంటిపెట్టుకుని ఉండేలా వేసే ప్రత్యేకమైన పిండికట్టు అరికాలి పుండుకు అంత బాగా పనిచేయడానికి కారణం, బరువును పుండు మీద పడనీయకుండా కాలంతటికీ పంచడమే. వేలు నల్లబడినా, వాసన వచ్చినా, ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. పుండు లేకుండానే ఒక పాదం వేడెక్కి వాచి, నొప్పి మాత్రం పెద్దగా లేకపోతే అదీ అత్యవసరమే, ఎందుకంటే లోపల ఎముకలు విరిగి కుంగుతూ ఉండవచ్చు.

రోజూ రాత్రి అరికాలు చూసుకోవాలి, వంగలేనివారు అద్దం పెట్టుకోవాలి, చెప్పులు దులిపి వేసుకోవాలి అని నువ్వు రాసినవి ఉంచు. వాటికి మన ఎండను చేర్చు. మే నెలలో యాదగిరిగుట్ట మీదో చెర్వుగట్టు మీదో మొక్కు పేరుతో మిట్టమధ్యాహ్నం బండల మీద వట్టికాళ్లతో నడిచి అరికాళ్లు బొబ్బలెక్కించుకుని వచ్చిన షుగర్ రోగులను నువ్వే ఎంతమందిని చూశావో. భక్తిని తప్పుపట్టే ధోరణిలో మాత్రం రాయకు. తెల్లవారుజామున వెళ్లమని రాయి. ఇంకొక మాట. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరలో స్వామివారి ఉద్దాలను, అంటే పాదరక్షలను, వడ్డెమాన్ నుంచి ఊరేగింపుగా తెచ్చి, వాటిని తలకు తాకించుకునే పాలమూరు జనానికి పాదరక్షల విలువ గురించి చెప్పడం మొదలుపెట్టడానికి అంతకన్నా తగిన చోటు నాకు తోచలేదు.

కుష్ఠు గురించి రాసిన భాగంలో బహుళ ఔషధ చికిత్స ఆరు నెలలో, ఏడాదో అని సరిగ్గానే చెప్పావు, మందులు ఉచితమని కూడా చెప్పావు. చెప్పనిది ఒకటుంది. మందులు పూర్తయి క్రిములు చచ్చిపోయినా, అప్పటికే దెబ్బతిన్న నరంలోకి స్పర్శ తిరిగి రాకపోవచ్చు, అందువల్ల వ్యాధి నయమైన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా అరికాలిలో పుండు పడవచ్చు. ఆ పుండును చూసి రోగం తిరగబెట్టిందనీ, అంటుకుంటుందనీ ఊళ్లో మనిషిని దూరం పెడతారు. ఆ పుండుకూ షుగర్ పుండుకూ పుట్టుక ఒకటే, స్పర్శ పోవడం. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి రాస్తే పాఠకుడి భయం సగం తగ్గుతుంది. కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఉచితంగా ఇచ్చే, మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు అట్టతో వెనక పట్టీ ఉండే ఎంసీఆర్ చెప్పుల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు, అది చాలదు.

ఇక వానాకాలం. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు వేసే ఆడవాళ్లు పొద్దంతా బురదలో నిలబడి, వేళ్ల సందులు తెల్లగా నాని, పాసి, చీలి, మంట పెడుతూ ఇంటికి వస్తారు. మూసీ మురుగునీళ్లు పారే వలిగొండ వైపు పొలాల్లో దిగినవాళ్లు దురద గురించి వేరే చెప్పుకుంటారు. ఒట్టి నానుడు వల్ల వచ్చినదైతే సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడిచి, రాత్రంతా ఆరనిస్తేనే తేటపడుతుంది. బూజు చేరితే ఒక శాతం క్లోట్రిమజోల్ రెండు నుంచి నాలుగు వారాలో, టెర్బినఫిన్ అయితే సాధారణంగా అంతకన్నా తక్కువ రోజులో రాయాలి, దురద తగ్గగానే ఆపకూడదు. ఇక్కడ నువ్వు గట్టిగా రాయవలసింది మందుల షాపులో అడగ్గానే ఇచ్చే కలగలుపు ట్యూబుల గురించి. వాటిలో బూజు మందుతోపాటు బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద పోతుంది, జనం దాన్నే మంచి మందు అనుకుంటారు. చర్మం కింద బూజు మాత్రం విస్తరిస్తూ పోయి, ట్యూబు ఆపగానే రెట్టింపు ఎగబడుతుంది. మన దేశంలో తామర ఇంత మొండిగా మారడానికి ఈ ట్యూబుల వాడకం ఒక ముఖ్య కారణం. ఆషాఢంలో పాదాలకు మైదాకు పెట్టుకోవడం గురించి నువ్వు రాసిన పేరా అందంగా ఉంది. దాన్ని ఉంచు, చికిత్సల కింద మాత్రం వద్దు.

వేళ్ల సందుల చీలిక నుంచి నేరుగా బోదకాలుకు వెళ్లు, మధ్యలో వేరే అధ్యాయం పెట్టకు. క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చే ఈ జబ్బు నల్లగొండకు పాతదే. ఏటేటా పంచే మాత్రలు ఒంట్లో పిల్లపురుగులను చంపి, జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతాయి గానీ ఏళ్లనాటి వాపును తీసివేయవు. ఈ తేడా చెప్పకపోవడం వల్లనే మాత్ర వేసుకుని ఏం లాభమని జనం పారేస్తున్నారు. వాచిన కాలు ఇంకా ఇంకా లావెక్కడానికి కారణం ఏడాదిలో పలుమార్లు వచ్చే చలిజ్వరం, ఎరుపు, నొప్పి. వాటిని తెచ్చే క్రిములకు దారి ఆ వేళ్ల సందుల చీలికే. కాబట్టి రోజూ కాలు కడిగి, మడతలన్నీ ఆరబెట్టి, చీలికకు మందు రాసి, పడుకునేటప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుని, చీలమండను ఆడిస్తూ ఉండడమే ఇక్కడ అసలు వైద్యం. జ్వరం వచ్చిన రోజుల్లో మర్దన చేయకూడదు, పురుగుల మాత్రలు మింగకూడదు, డాక్టరు ఇచ్చే యాంటీబయాటిక్ వాడుతూ విశ్రాంతి తీసుకోవాలి.

మడమనొప్పి అధ్యాయంలో ఫ్లోరైడ్‌ను తెచ్చావు. నల్లగొండవాళ్లకు ఇది తప్పని ఆకర్షణ. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో వంగిన మోకాళ్లను చూసినవారెవరికైనా కాలి బాధ ఏదైనా ఆ నీళ్ల వల్లనే అనిపిస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలూ కీళ్ల బంధనాలూ గట్టిపడి బిగుసుకుపోతాయి, అది నిజం, రాయి. కానీ పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమ కింద సూది గుచ్చినట్టుండి, పది అడుగులకు సర్దుకునే నొప్పి మడమ నుంచి వేళ్లదాకా అరికాలిలో సాగే గట్టి పట్టీలాంటి పొర దెబ్బతినడం వల్ల వచ్చేది, అది ఫ్లోరైడ్ లేని ఊళ్లలోనూ అంతే మామూలు. పిక్కనూ అరికాలినీ సాగదీసే వ్యాయామం, మెత్తని మడమ ఉన్న చెప్పులు, కొంత ఓపిక ఉంటే చాలామందికి ఏడాది లోపల తగ్గిపోతుంది. ఎక్స్‌రేలో మడమ ఎముక పెరిగిందని చూపించి భయపెడతారు. నొప్పి ఏమాత్రం లేనివారిలోనూ ఆ ఎముక పెరుగుదల కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చే వంకర పాదాన్ని కూడా అదే ఖాతాలో వేశావు, అది తీసెయ్యి. పుట్టిన కొద్ది వారాల్లోనే పొన్సెటి పద్ధతిలో వారం వారం పిండికట్లు వేసి, అవసరమైతే పిక్క కండరాన్ని మడమకు కలిపే స్నాయువును చిన్నగా కోసి, ఆపైన నాలుగేళ్ల వయసుదాకా రాత్రిపూట బూట్ల పట్టీ తొడిగితే ఆ పాదం చాలావరకు చక్కబడుతుంది. తల్లి తాగిన నీళ్లను నిందించడం వల్ల ఆ వారాలు పోతాయి.

పగుళ్లు, ఆనెలు, గోళ్ల పేజీలను సగానికి తగ్గించు. స్నానం కాగానే తడి ఆరకముందే యూరియా ఉన్న క్రీమో వాజలైనో రాయడం, బొటనవేలి గోరును మూలలు లోపలికి తవ్వకుండా తిన్నగా కత్తిరించడం, పక్కలనుంచి నొక్కితే నొప్పి పెట్టి, గీరితే నల్లచుక్కలు కనిపించేది పులిపిరనీ, నేరుగా ఒత్తితే నొప్పి పెట్టేది ఆనె అనీ గుర్తుపట్టడం, ఇంతవరకు చాలు. కాయలన్నిటినీ గీకి తీసేయమని రాశావు, దాన్ని సవరించు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి పాదం అంచున కాచిన కాయ నొప్పి పెట్టకపోతే దాని జోలికి పోకూడదు. అది లేకపోతే అతడు చెట్టు బెరడు మీద కాలు ఆనించలేడు.

నీ ప్రతిలో అసలే లేనివి రెండు. పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాద్ కట్టడాలకు వలసపోయే కూలీలు తడి సిమెంటులో వట్టికాళ్లతోనో, సిమెంటు లోపలికి చేరిన బూట్లతోనో పొద్దంతా నిలబడతారు. ఆ సిమెంటుకు క్షారగుణం ఎక్కువ. మొదట మంట కూడా పుట్టదు, సాయంత్రానికి చర్మం లోతుగా కాలి ఉంటుంది. వెంటనే ధారగా నీళ్లు పోసి చాలాసేపు కడగాలి. రెండోది ముల్లు. తుమ్మముల్లు విరిగి లోపల ఉండిపోయిన చోట నెలల తర్వాత నొప్పి లేని గడ్డ లేచి, దానికి అక్కడక్కడా రంధ్రాలు పడి, చీముతోపాటు ఆవగింజలకన్నా చిన్న పలుకులు రాలుతూ ఉంటే అది మదుర పాదం. ఆ పలుకుల రంగునూ, గడ్డ నుంచి తీసిన ముక్కనూ పరీక్షించి, అది బూజువల్ల వచ్చిందో బాక్టీరియా వల్ల వచ్చిందో తేల్చుకోనిదే మందు మొదలుపెట్టకూడదు, ఎందుకంటే రెండింటి మందులు వేరు, వాడవలసిన కాలం నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఊళ్లో బ్లేడుతో కోయించుకోవద్దని రాయి.

మందుల పేర్లూ మోతాదులూ ఉన్న పేజీలను నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుకు ఒకరికీ, షుగర్ పాదాలు చూసే సర్జనుకు ఒకరికీ చూపించి, వారు దిద్దిన ప్రతినే నాకు పంపు. స్పర్శ పరీక్షకు ఫొటో వద్దు, గీతబొమ్మ వేయించు. ఆరు వేళ్లకూ అంకెలు ఉండాలి. నాట్లు మొదలయ్యేలోగా అచ్చుకు వెళ్తే బాగుంటుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న వరసైన రచయిత