తాళం గుర్తు ఉన్నా లింకు నకిలీది కావచ్చా?

‘కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రి తొమ్మిదిన్నరకి సప్లై ఆపేస్తాం’ అని మీ అమ్మగారికి మెసేజ్ వచ్చిందనీ, అందులోని లింకుకి తాళం గుర్తు ఉంది కాబట్టి నమ్మొచ్చా అనీ అడిగారు. నమ్మొద్దు. ముందు అమ్మగారికి ఫోన్ చేసి ఆ లింకు ముట్టుకోవద్దని చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

మా నాన్నకి పోయినేడాది ఇలాంటిదే ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చింది. మేం గాజువాకలో ఉంటాం. ఆ వారమే ఆయన హెల్మెట్ లేకుండా ఎన్ఏడీ కొత్తరోడ్డు దాకా బండి మీద వెళ్లొచ్చారు. అందుకే మెసేజ్ చూడగానే నిజమే అనుకున్నారు. కార్డు నంబరు కొట్టారు, ఓటీపీ కొట్టారు. 18,400 రూపాయలు పోయాయి. నాకు చెప్పడానికి మొహమాటపడి గంటన్నర ఆగారు. మేం సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి 7,000 మాత్రమే ఆపగలిగారు.

ఆ రాత్రి ఇద్దరం ఆ మెసేజ్ ముందు కూర్చున్నాం. లింకు ‘ఈచలాన్ డాట్ పరివాహన్ డాట్ జీఓవీ డాట్ ఇన్’ అనే మొదలైంది. అసలు సైటు పేరూ అదే. ‘సరిగ్గానే ఉంది కదరా’ అన్నారు నాన్న. కానీ లింకు పొడవుగా ఉండి రెండు లైన్లుగా విరిగింది. ఆయన పై లైనే చూశారు. కింది లైన్లో ‘ఇన్’ తర్వాత ఒక హైఫన్, అర్థంలేని నాలుగైదు అక్షరాలు, ‘డాట్ టాప్’ ఉన్నాయి. స్లాష్ వచ్చింది ఆ తర్వాతే.

అసలు కిటుకంతా ఆ స్లాష్ దగ్గరే ఉంది. మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్, కోలన్, జంట స్లాషులు వదిలేయండి. వాటి తర్వాత వచ్చే మొదటి ఒంటి స్లాష్ మీద వేలుపెట్టి ఎడమవైపు వెనక్కి రండి. డాట్ల దగ్గర విడగొడితే, దానికి ఆనుకుని ఉన్న చివరి రెండు ముక్కలే ఆ సైటు ఇంటిపేరు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, వెబ్ అడ్రసుకి చివర్న వస్తుంది. దాని ముందు ఏ పేర్లు తగిలించుకోవాలన్నది ఆ ఇంటాయన ఇష్టం. తన ఇంట్లో గదికి ‘కలెక్టరాఫీసు’ అని బోర్డు పెట్టుకుంటే ఎవరాపుతారు? ‘జీఓవీ డాట్ ఇన్’, ‘సీఓ డాట్ ఇన్’ లాంటివి ఉన్నప్పుడు మాత్రం మూడు ముక్కలు లెక్కపెట్టాలి.

‘జీఓవీ డాట్ ఇన్’ ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’కి మారాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. అలాగని ఇవి లేనివన్నీ దొంగవీ కావు. మన విశాఖకి కరెంటిచ్చే ఈపీడీసీఎల్ సైటు ‘ఏపీఈస్టర్న్‌పవర్ డాట్ కామ్’. కాబట్టి తోక ఒక్కటే చూసి తేల్చేయకుండా ఇంటిపేరు మొత్తం చదవాలి, అదీ అక్షరం అక్షరం. ఇంగ్లిషు ఆర్, ఎన్ పక్కపక్కన రాస్తే చిన్న స్క్రీన్ మీద ఎమ్‌లా కనిపిస్తాయి.

ఇక తాళం గుర్తు. మీకూ ఆ సైటుకీ మధ్య నడిచేది దారిలో ఎవరూ చదవకుండా చేయడమే దాని పని. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. ఆ గుర్తు రావడానికి సైటుకి కావలసిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో దొరుకుతుంది, దొంగకి కూడా.

బిల్లు సంగతి తేల్చుకోవాలంటే అమ్మగారు ఎప్పుడూ కట్టే యాప్‌లోనే సర్వీసు నంబరు కొట్టి చూడమనండి, లేదా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయమనండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకి మాత్రం చేయొద్దు. యాప్ దించుకోమంటూ ఫైలు పంపితే దాన్ని తెరవనే కూడదు.

ఒకవేళ ఆవిడ ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే ఏమీ అనకండి. మా నాన్న గంటన్నర ఆగింది నేనేమంటానో అనే. వెంటనే 1930కి, ఆ తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయండి.